మారుపేరుకి పేరుపండగ

పిరేయస్ రేవులోంచి ఓడ అప్పుడే బయటపడింది. పై డెక్ మీద ఎండ తగలని మూల కూర్చుని అర్గిరిస్ ఐస్ కాఫీ తాగుతున్నాడు. అది అతను కొనుక్కున్నది కాదు. పక్క కుర్చీలోని ప్రయాణికులెవరో తమకొకటి తెచ్చుకుంటూ, అతనికీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు.

తోటి మనిషి ఆప్యాయంగా ఇచ్చింది వద్దనేంత మొరటువాడు కాదు అర్గిరిస్. అందుకే చచ్చిపోయాడు.

గ్లాసు వేళ్ళలోంచి జారి డెక్ మీద దొర్లుకుంటూ పోయింది. అర్గిరిస్ మాత్రం సముద్రం వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. ఓడ డాక్టరు వచ్చి, కనురెప్పలు ఎత్తి చూసి, గుండెపోటు అన్నాడు. అప్పటికే పక్క కుర్చీ ఖాళీ.

ఆ కబురు అందిన మర్నాడు స్తాథిస్‌ని గూఢచారి శాఖ చీఫ్ కాప్సిస్ పిలిపించాడు. ఆఫీసు అంటే రేవు వెనక సందులో చేపల వలలు అమ్మే కొట్టు. వలలు పక్కకు తప్పించుకుని లోపలికి వెళితే కాప్సిస్ గది.

"అర్గిరిస్ మొన్నటిదాకా కొండలెక్కి పరుగెత్తినవాడు," అన్నాడు కాప్సిస్, సిగరెట్ వెలిగించకుండా పెదాల మధ్యే తిప్పుతూ. "గుండె అంటే నేను నమ్మను."

"ఎవరు?"

"మురేనా."

మురేనా ముఠాకి దేశం లేదు, జెండా లేదు. ఎవరు డబ్బిస్తే వాళ్ళ పని చేస్తుంది. పైకి సముద్రపు స్పాంజీలు ఎగుమతి చేసే కంపెనీ. నేవీలో ఒక పెద్దమనిషి తీరప్రాంతపు రాడార్ తాళం, అంటే దాన్ని తెరిచే రహస్య కోడ్, వాళ్ళకి అమ్మేశాడు. ఆ పెద్దమనిషి ఎవరో తెలిసినవాడు ముఠా బయట ఒక్కడే ఉన్నాడు. ఆ తాళం తయారుచేసిన ఇంజనీరు ఒరెస్తిస్ దమ్‌వెర్గిస్. అతను ఎవర్నీ నమ్మడు. ఏథెన్స్‌లో జడ్జి ముందు నిలబడి, తన నోటితో తనే చెబుతానంటాడు. చెప్పేదాకా అనెమూసా దీవిలో, చిన్నప్పుడు అమ్మతో కలిసి వేసవికి వెళ్ళిన ఓ చిన్న హోటల్లో దాక్కున్నాడు. అతనికి కాపలాగా బయల్దేరినవాడే అర్గిరిస్.

"గాలి తగ్గగానే గస్తీ బోటు వెళ్ళి ఒరెస్తిస్‌ని తీసుకొస్తుంది," అన్నాడు కాప్సిస్. "ఈ లోపల అతను బతికుండాలి. నీ పని అంతే."

మేజా మీదకి ఒక గుర్తింపు కార్డు, ఒక జపమాల లాంటి పూసల దండ జారాయి. కార్డు మీద స్తాథిస్ ఫొటో. పేరు మాత్రం పాంతెలీస్ రోదితిస్. వృత్తి: సోలార్ హీటర్ల మెకానిక్. పూసల దండ కాఫీ కొట్లలో మగవాళ్ళు వేళ్ళ మధ్య టకటకలాడించుకునే మామూలు దండే. కాకపోతే అందులో ఒక్క పూస మిగతావాటికన్నా బరువు. దాన్ని పగలగొడితే పక్క దీవి చాటున ఆగి ఉన్న బోటుకి సిగ్నల్ వెళుతుంది.

"గాలి ఎంత ఉన్నా వాళ్ళు వస్తారు," అన్నాడు కాప్సిస్. "కానీ ఈ గాలిలో రావడమంటే వాళ్ళ ప్రాణాలు పణంగా పెట్టడమే. అందుకని పూస ఊరికే పగలగొట్టకు."

"అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"దనాయి ఉంది."

ఆ పేరు విని స్తాథిస్ తలెత్తాడు. దనాయి మురేనా లోపలే ఉంటూ ఏథెన్స్‌కి వార్తలు చేరవేసే డబుల్ ఏజెంట్. ముఠా గురించి వాళ్ళకి తెలిసినదాంట్లో సగం ఆమె పంపినదే.

"ఓడ మీద అర్గిరిస్ తీసుకున్నట్టు, ఎవరేది ఇచ్చినా తీసుకోకు," అన్నాడు కాప్సిస్ చివరగా. "నువ్వు రుచి చూడనిది ఒరెస్తిస్ నోటికి పోకూడదు."

దారి పొడవునా స్తాథిస్ తన కొత్త జీవితం బట్టీ పట్టాడు. పాంతెలీస్ తండ్రి ఎవరు, ఏ బడిలో చదివాడు, భార్య ఎందుకు వదిలేసి వెళ్ళింది, ఎడమ మోచేతి మీద మచ్చ ఎలా వచ్చింది. ఒక్కటీ వదల్లేదనుకున్నాడు.

* * *

హోటల్ అంటే తెల్ల సున్నం కొట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద వంటిల్లు, ద్రాక్షపందిరి కింద నాలుగు మేజాలు, పైన గదులు. యజమానురాలు ఎవ్దొకియా వంటా, పక్కలూ, పెత్తనమూ చూసుకుంటుంది. ఆమె భర్త యకుమీస్ చేపలు పడతాడు. గాలి ఉన్న రోజుల్లో చేపలు పట్టడం గురించి మాట్లాడతాడు.

మెకానిక్ వచ్చాడని వినగానే ఎవ్దొకియా స్తాథిస్‌ని సంచి కూడా కింద పెట్టనీకుండా డాబా మీదకి లాక్కుపోయింది. సోలార్ హీటర్ వారం నుంచి గోరువెచ్చటి నీళ్ళు కూడా ఇవ్వడం లేదట. కవర్ నిలబెట్టుకోవాలి కాబట్టి స్తాథిస్ స్క్రూడ్రైవర్ తీసి, ఓ రెండు వాల్వులు అటు తిప్పి ఇటు తిప్పి, గంభీరంగా తలాడించి దిగాడు. నీళ్ళు వేడెక్కాయి. అయితే అన్ని కుళాయిల్లోనూ వేడెక్కాయి. పెరట్లో తులసి లాంటి వాసిలికో మొక్కలకి నీళ్ళు పెట్టే చన్నీళ్ళ గొట్టంలోంచి కూడా పొగలు కక్కుతూ మరిగే నీళ్ళు రావడం మొదలుపెట్టాయి.

"చేపలు కడుగుదామని కుళాయి తిప్పాను," అన్నాడు యకుమీస్ ఆ మధ్యాహ్నం, ఎర్రబడిన చేతులు చూపిస్తూ. "చేపలు ఉడికే వచ్చాయి. వంట పని తప్పింది."

"నీకు ఈ పని ఎవరు నేర్పారు బాబూ?" అని ఎవ్దొకియా ఆరా తీసింది. "వాళ్ళ మీద కేసు పెట్టాలి."

ఒరెస్తిస్ ఈ గోలంతా వింటూ పందిరి చివర గోడకి వీపు ఆనించి కూర్చుని ఉండేవాడు. సన్నటి మనిషి. నిద్రలేక కళ్ళ కింద నల్లటి గీతలు. ప్లేట్లో ఏది పెట్టినా ముందు స్తాథిస్ వైపు చూసేవాడు. స్తాథిస్ ఓ ముక్క తిని, కాసేపు ఆగి తల పంకిస్తేనే ఫోర్కు ఎత్తేవాడు. ఎవ్దొకియాకి ఇది నచ్చలేదు. నా వంట మీద అంత అనుమానమైతే ఎందుకొచ్చావు, చిన్నప్పుడు గిన్నె నాకి మరీ తినేవాడివి కదా అని దెప్పేది.

దనాయి మూలగదిలో దిగింది. వెండి నగలు అమ్ముకునే ఏథెన్స్ మనిషినని చెప్పుకుంటుంది. తెల్లటి లినెన్ గౌను, వెడల్పాటి గడ్డి టోపీ. మొదటి సాయంత్రం మెట్ల మీద ఎదురై, మీ ఊళ్ళో అత్తిపళ్ళు పండాయా అంది.

"నల్లవి పండాయి," అన్నాడు స్తాథిస్, ముందే నేర్చుకున్న సంకేతం ప్రకారం. "తెల్లవి ఇంకా పచ్చివే."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి ఎంతమంది మురేనా మనుషులు నోరు జారి ఉంటారో స్తాథిస్ ఊహించగలడు. కొండ పక్కనున్న చిన్న అఖాతంలో లంగరు వేసిన నీలిరంగు యాట్ వాళ్ళదేనని చెప్పింది. ఒరెస్తిస్ ఈ దీవి మీదే ఉన్నాడని ముఠాకి తెలుసు, ఏ ఇంట్లో ఉన్నాడో ఇంకా తెలీదట. తను తప్పుదారి పట్టిస్తూనే ఉన్నానంది.

బయట ఉత్తరపు గాలి పందిరి ఆకుల్ని చీలుస్తోంది. స్తాథిస్ వచ్చిన ఓడే చివరిది; ఆ తర్వాత రేవులో ఓడలు కదలకూడదని నోటీసు అంటించారు. దీవి మీదున్నవాళ్ళు బయటికి పోలేరు. బయటినుంచి సాయం రాదు. యాట్ మాత్రం కొండచాటున కదలకుండా ఉంది.

* * *

రెండో రోజు పొద్దున్నే స్తాథిస్ కిందకి దిగాడో లేదో ఎవ్దొకియా ఎదురొచ్చి, రెండు చెంపలూ పట్టుకుని ముద్దు పెట్టుకుని, నిండు నూరేళ్ళూ చల్లగా ఉండమని దీవించింది.

"ఎందుకమ్మా?" అన్నాడు స్తాథిస్.

అన్నాక తెలిసింది. పందిరి కింద ఒరెస్తిస్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. యకుమీస్ పూసల దండ చప్పుడు ఆగిపోయింది. కొండ మీద చిన్న చర్చి గంటలు పొద్దున్నించీ ఆపకుండా మోగుతున్నాయి. అది పునీత పాంతెలీమోన్ చర్చి. ఏడాదిలో ఒక్కో తేదీ ఒక్కో పునీతుడి పండగ, కేలెండర్లో వేసే ఉంటుంది; ఇవాళ ఆయనది. ఆయన పేరు పెట్టుకున్న ప్రతివాడికీ ఇవాళ పండగే. పుట్టినరోజు మర్చిపోయినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. పేరుపండగ మర్చిపోయినవాడంటూ ఉండడు.

"ఎందుకా?" అంది ఎవ్దొకియా.

"భార్య వదిలేసి పోయిన దగ్గర్నుంచి..." అని స్తాథిస్ గొంతు తగ్గించాడు. "పండగలు చేసుకోవడం మానేశానమ్మా. మర్చిపోయాను."

"మర్చిపోడానికి పండగ నీ ఒక్కడిదా? ఆయనదీ కదా," అంటూ ఆమె వంటింటి గోడ మీది పటం వైపు వేలు చూపించింది. తర్వాత కాస్త మెత్తబడి, పెళ్ళాం వదిలేసిన మగవాళ్ళు ఇలాగే తయారవుతారని మొగుడికి వినబడేలా అంది. మధ్యాహ్నం అందరికీ నోరు తీపి చెయ్యాలి సుమా, పండగ నీది, పెట్టాల్సిందీ నువ్వే అని గుర్తుచేసి లోపలికి పోయింది.

ఒరెస్తిస్ కుర్చీ దగ్గరికి జరిపాడు. కప్పు మేజా మీద ఠక్కున పెట్టాడు. కోపమో, భయమో.

"నా ప్రాణం కాపాడతానని వచ్చారు. పేరు ఇచ్చేముందు కేలెండర్ కూడా చూసుకోలేదు మీవాళ్ళు. అసలు మీరు మా వైపేనా?"

స్తాథిస్ మనసులోనే పాంతెలీస్ జీవితం మళ్ళీ తిరగేశాడు. తండ్రి పేరు తెలుసు, బడి పేరు తెలుసు, మోచేతి మచ్చ తెలుసు. పండగ తెలీదు. ఏథెన్స్ ఆఫీసులో కార్డు తయారుచేసినవాడికీ తట్టలేదు, తనకీ తట్టలేదు. ఎందుకంటే ఈ దేశంలో ఎవడికీ తన పేరుపండగ ఎప్పుడో ప్రత్యేకంగా నేర్చుకునే అవసరం రాదు. పుట్టిన దగ్గర్నుంచీ తెలిసే ఉంటుంది.

డాబా మీదకి వెళ్ళి గాలిలో నిలబడ్డాడు. ఎవ్దొకియా నమ్మింది. యకుమీస్? రేవు కాఫీ కొట్లో ఇవాళే ఈ మాట నవ్వులాటగా చెబుతాడు. అది యాట్ మనుషుల చెవిన పడడానికి ఎంతసేపు?

వెనక అడుగుల చప్పుడు. దనాయి. టోపీ ఒక చేత్తో పట్టుకుంది. ఇంకో చేతిలో దారం కట్టిన మిఠాయి పెట్టె.

"వంటింటి కిటికీ కిందే ఉన్నాను. అంతా విన్నాను," అంది. "మీ ఆఫీసుకి ఒక కేలెండర్ కొనివ్వండి."

స్తాథిస్ నవ్వలేకపోయాడు.

"రేవులో మిఠాయి కొట్టు దాకా పరుగెత్తాను మీకోసం. ఇప్పుడే పొయ్యిలోంచి తీశాడు. ఇంకా వేడిగానే ఉన్నాయి." పెట్టె అతని చేతిలో పెట్టింది. "పెట్టె పారేసి ప్లేట్లో సర్దండి. మీరే పొద్దున్నే వెళ్ళి తెచ్చినట్టుంటుంది. ఎవ్దొకియా మూతి కూడా సర్దుకుంటుంది."

పెట్టె మూత నిజంగానే వేడిగా ఉంది. అడుగు చల్లగా తగిలింది. స్తాథిస్ గమనించాడు, పట్టించుకోలేదు. మునిగిపోతున్న కవర్‌కి ఎవరో చెయ్యి అందించారన్న ఊరటలో ఉన్నాడతను.

* * *

మధ్యాహ్నం పందిరి కింద అందరూ చేరారు. క్రీము నింపిన మిఠాయి ముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో లవంగం గుచ్చి, ఎవ్దొకియా పెళ్ళినాటి పళ్ళెంలో వరసగా ఉన్నాయి. పక్కన చిన్న గ్లాసుల్లో యకుమీస్ సొంతంగా కాచిన దాల్చినచెక్క మందు.

పండగ చేసుకునేవాడు అందరికీ పెట్టాకే తను తినాలి. స్తాథిస్ పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. ఎవ్దొకియా ఒకటి తీసుకుంది. యకుమీస్ పెద్దది ఏరుకున్నాడు. దనాయి చిన్నది ఏరుకుంది. ఒరెస్తిస్ అలవాటుగా స్తాథిస్ ముఖంలోకి చూశాడు, నువ్వు ముందు అన్నట్టు. ఎవ్దొకియా అది పట్టేసింది.

"పండగపూట కూడా ఇదేం బుద్ధిరా? పెట్టేవాడు ముందు తింటాడా ఎక్కడైనా? తీసుకో."

ఒరెస్తిస్ ముఖం ఎర్రబడింది. ఒక ముక్క తీసుకుని ప్లేట్లో పెట్టుకున్నాడు. పొద్దున అన్న మాటకి సిగ్గుపడ్డట్టున్నాడు, స్తాథిస్‌ని చూసి మొదటిసారి కాస్త నవ్వాడు కూడా.

ఇక యకుమీస్ గ్లాసెత్తి దీవించడం మొదలుపెట్టాడు. పాంతెలీస్ ఆరోగ్యం దగ్గర మొదలై, అతని తల్లిదండ్రుల ఆత్మశాంతి మీదుగా, సోలార్ హీటర్ దగ్గరికి వచ్చి, తను కుర్రతనంలో పట్టిన కత్తిచేప దగ్గర చిక్కుకుంది.

"మా పెళ్ళిలో కూడా ఇంతే," అంది ఎవ్దొకియా. "ఈయన మాట్లాడుతుంటే ఫాదరు గారు నిద్రపోయారు."

అప్పుడే వీధిలో మూడు చక్రాల బండి టపటపమంటూ వచ్చి గేటు ముందు ఆగింది. దాంట్లోంచి పెళ్ళికొడుకులా నల్లకోటు వేసుకున్న లావుపాటి మనిషి దిగాడు. చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. కొండ మీద ప్రార్థన అయిపోయిందని, దీవించిన రొట్టె ఇంటింటికీ ఇస్తున్నానని చెబుతూ లోపలికొచ్చాడు. రేవులో మిఠాయి కొట్టు ఆయనదే. ఆయన పేరూ పాంతెలీసే.

"మా ఇంట్లో నీ పేరువాడే ఒకడు దిగాడు చూడు," అంది ఎవ్దొకియా.

"తమ్ముడూ, నీదీ నాదీ ఒకటే పండగ," అంటూ ఆయన స్తాథిస్‌ని కావలించుకున్నాడు. భుజం మీదుగా పళ్ళెంలోకి చూసి, కనుబొమలు ముడిచాడు. "ఇవి నావే. లవంగం నేనే గుచ్చాను. ఎప్పుడు కొన్నారు ఇవి?"

"నిన్న పొద్దున," అంది దనాయి వెంటనే. "నేనే తెచ్చిచ్చాను. ఫ్రిజ్‌లో పెట్టాను లెండి."

"అయితే సరే. నిన్న మధ్యాహ్నమే కట్టేసి కొండెక్కాను. ఇదిగో, ఇప్పుడే దిగడం. నా పండగనాడు నా కొట్టు తెరిపించడం బిషప్పు వల్ల కూడా కాదు."

ఆయన నవ్వుతున్నాడు. యకుమీస్ నవ్వుతున్నాడు. స్తాథిస్ మాత్రం దనాయి వైపు చూశాడు.

ఇప్పుడే పొయ్యిలోంచి తీశాడు అంది తనతో. నిన్న పొద్దున అంటోంది వీళ్ళతో. మూత వేడి, అడుగు చల్లన. పొయ్యిలోంచి వచ్చిన పెట్టెకి అడుగున వేడి ఉంటుంది. ఎండలో పెట్టిన పెట్టెకి మూత వేడెక్కుతుంది. నిన్ననే కొనిపెట్టుకుంది. అంటే తను పండగ మర్చిపోతాడని ఆమె నిన్ననే ఊహించింది. మర్చిపోకపోయినా ఏదో వంకతో ఈ పెట్టె తన చేతికే వచ్చేది. ఒరెస్తిస్ ఎవరి చేతినుంచి తింటాడో ఆమె చూసి ఉంచుకుంది. ఏ ఒక్క రోజు కాపలావాడు ముందుగా రుచి చూడడో కూడా.

కాఫీ కాదనలేనివాణ్ణి కాఫీతో చంపారు. ఈసారి కాదనడానికి వీల్లేనిదే పంపారు.

యకుమీస్ దీవెన ముగించి, గ్లాసు గుటకేసి, ఫోర్కు అందుకున్నాడు. ఒరెస్తిస్ ఫోర్కు అప్పటికే ముక్కలో దిగింది. క్రీము అంటిన ఫోర్కు పెదాల దాకా వెళ్ళింది.

స్తాథిస్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, మెత్తగా.

"ఒక్క నిమిషం. మా ఊళ్ళో ఒక పద్ధతుంది," అన్నాడు అందరికీ వినబడేలా. "మిఠాయి తెచ్చిచ్చినవాళ్ళకి పండగవాడు మొదటి ముక్క తన చేత్తో పెట్టాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టకూడదు."

అలాంటి పద్ధతి ఏ ఊళ్ళోనూ లేదు. కానీ పండగవాడి మాట కాబట్టి యకుమీస్ కూడా ఫోర్కు దించాడు. స్తాథిస్ ఒరెస్తిస్ ఫోర్కు తీసుకుని మేజా చుట్టూ తిరిగి దనాయి ముందుకొచ్చాడు.

"దనాయిగారూ, నాకోసం రేవు దాకా పరుగెత్తారు. తినండి. నన్ను దీవించండి."

ఆమె ఫోర్కు వైపు చూసింది. నవ్వు పెదాల మీద అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

"తీపి మానేశానండీ."

"పండగ మిఠాయి వద్దంటారా ఎవరైనా?" అంది ఎవ్దొకియా. "డైటింగ్ రేపట్నుంచి చేద్దువుగాని. కాస్త కొరుకమ్మా, పిల్లాడి మనసు కష్టపెట్టకు."

మిఠాయి పాంతెలీస్ తన మిఠాయి తినని మనిషిని వింతగా చూస్తున్నాడు. గాలికి మేజా గుడ్డ టపటపలాడింది. దనాయి మెల్లగా ఒడిలోని గడ్డి టోపీ ఎత్తింది. దాని కింద ఆమె అరచేతిలో ఇమిడిపోయేంత పిస్తోలు ఉంది.

"ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోండి," అంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు స్తాథిస్.

"మొదట్నుంచీ. సగం నిజాలు పంపకపోతే మిగతా సగం మీ చీఫ్ ఎలా నమ్ముతాడు?"

"అర్గిరిస్ కాఫీ?"

"మంచి మనిషి. రెండుసార్లు థాంక్స్ చెప్పాడు." గురి స్తాథిస్ గుండె మీదే ఉంచి లేచింది. "ఇంత రభస అక్కర్లేకుండా పోయేది. వేసవి, పాత క్రీము, చిన్న హోటలు. నలుగురు పోతే ఊరంతా వంటిల్లు శుభ్రంగా లేదనుకునేది. అంతే."

ఎవ్దొకియాకి పిస్తోలు అర్థం కావడానికి కొంత టైము పట్టింది కానీ ఈ మాట వెంటనే అర్థమైంది.

"నా వంటింటి మీదకి తోసేద్దామనుకున్నావా?" అంటూ లేచింది. "మా అత్తగారి నాటి నుంచి ఈ వంటింట్లో తిని ఒక్కడు కడుపునొప్పి అనలేదు."

"కూర్చో," అంది దనాయి. పిస్తోలు ఆమె వైపు తిరిగింది.

స్తాథిస్ చూపు మొక్కల దగ్గరికి పోయింది. ఆకుపచ్చ రబ్బరు గొట్టం అతని కాలి పక్కనే పడి ఉంది. దాని రెండో కొస గోడ కుళాయికి బిగించి ఉంది. కుళాయి యకుమీస్ చేతికి అందేంత దూరంలో ఉంది. మధ్యాహ్నపు ఎండకి డాబా మీది ట్యాంకు ఎలా కాగుతూ ఉంటుందో తనకి తెలుసు, యకుమీస్ చేతులకి ఇంకా బాగా తెలుసు.

"యకుమీస్ మామా," అన్నాడు స్తాథిస్. "గొంతు ఎండిపోతోంది. ఆ చన్నీళ్ళ కుళాయి కాస్త తిప్పవా?"

యకుమీస్ అతని వైపు చూశాడు. తన ఎర్రటి చేతుల వైపు చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి మారుమాట లేకుండా కుళాయి మొత్తం తిప్పేశాడు.

గొట్టం పాములా ఎగిరింది. స్తాథిస్ వంగి కొస అందుకుని తిప్పాడు. మరిగే నీళ్ళు దనాయి పిస్తోలు పట్టిన చేతి మీద పడ్డాయి. ఆమె అరుపుతోపాటే పిస్తోలు పేలింది. ఎవ్దొకియా పెళ్ళినాటి పళ్ళెం రెండు ముక్కలైంది. మరుక్షణం దనాయి నేల మీద ఉంది. ఆమె మీద మిఠాయి పాంతెలీస్, పండగ కోటుతో సహా, తన బరువంతా వేసి కూర్చున్నాడు.

"నా క్రీములో విషం కలిపిందా?" అని ఆయన మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. "నా క్రీములో?"

స్తాథిస్ పూసల దండ తీసి, బరువు పూసని రాతిగట్టు మీద పెట్టి మడమతో తొక్కాడు.

పందిరి కింద పడిన ముక్కల్ని ఏ పిల్లీ ముట్టకుండా యకుమీస్ బకెట్లోకి ఎత్తాడు. ఒరెస్తిస్ కదల్లేదు. తన పెదాలని వేళ్ళతో తడుముకుంటున్నాడు, అక్కడ ఏమైనా అంటిందేమోనని. ఏమీ అంటలేదు.

* * *

గస్తీ బోటు గాలిలో ఊగుతూ తూలుతూ రేవులోకి వచ్చింది. దాన్ని చూస్తూనే నీలిరంగు యాట్ లంగరెత్తింది కానీ కొండ మలుపు దాటేసరికి ఇంకో బోటు ఎదురుగా ఉంది. దనాయి చేతికి కట్టు కట్టి, రెండో చేతికి సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. మెట్ల దగ్గర స్తాథిస్‌ని దాటుతూ, ఆ హీటర్ నిజంగా మీకు బాగుచెయ్యడం రాదా అని అడిగింది. రాదన్నాడు. అదే నేను లెక్కలోకి తీసుకోలేదంది.

ఒరెస్తిస్ బోటెక్కబోయి ఆగాడు. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఒక కాలు బోటులో పెట్టాక, కేలెండర్ మాట మాత్రం కాదు అని సరిదిద్దుకున్నాడు. ఏథెన్స్‌లో జడ్జి గది తలుపు దాకా పక్కనే ఉంటారా అని అడిగితే స్తాథిస్ ఉంటానన్నాడు.

ఎవ్దొకియా రేవు దాకా వచ్చింది, చేతిలో దీవించిన రొట్టె మూటతో. పగిలిన పళ్ళెం గురించి ఎత్తలేదు. హీటర్ గురించి ఎత్తింది. గాలి తగ్గాక అసలు మెకానిక్‌ని పిలిపిస్తానంది. మూట అతని చేతిలో పెట్టి, కాసేపు ముఖంలోకి చూసింది.

"నీ పేరు పాంతెలీస్ కాదు కదూ?"

"కాదమ్మా."

"అసలు పేరేంటి?"

"చెప్పకూడదు. చెబితే నా ఉద్యోగం పోతుంది."

"వద్దులే, చెప్పకు. నీ ఉద్యోగం నీది." ఆమె అతని కాలరు సర్దింది. "కానీ ఇవాళ నోరు తీపి చెయ్యకుండానే పోతున్నావు. ఆ బాకీ ఉంది. నీ పండగ ఎప్పుడో చెప్పు చాలు, ఆ రోజున తలుచుకుని దీపం పెడతాను."

బోటు ఇంజను గర్జిస్తోంది. కెప్టెన్ చెయ్యి ఊపుతున్నాడు. మురేనా వాళ్ళు ఒకసారి స్తాథిస్‌ని చీకటి గదిలో కూర్చోబెట్టి మూడు రోజులు అడిగారు, పేరు చెప్పలేదు. సొంత డిపార్ట్‌మెంట్‌లో కూడా చీఫ్‌కి తప్ప తెలీదు. తేదీలో ఏముందిలే అనుకున్నాడు.

"సెప్టెంబర్ ఇరవై అమ్మా," అన్నాడు బోటులోకి దూకుతూ.

ఎవ్దొకియా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మంచిది," అంది గాలికి తలగుడ్డ పట్టుకుంటూ. "ఆ రోజు తప్పకుండా రా, స్తాథిస్ బాబూ. మిఠాయి మాత్రం నీ చేతులతో నువ్వే కొనుక్కురా."